బేత్లెహేము అంగడిలో మంత్రసాని

పియెత్రఫోస్క ఊళ్ళో తల నెరుస్తున్న మగాడినెవరినైనా ఆపి, నిన్ను మొట్టమొదట చేతుల్లోకి తీసుకున్నదెవరని అడిగితే తల్లి పేరు చెప్పడు. ఎర్మెలిందా అంటాడు. ఆడవాళ్ళూ అంతే. ఆమె ఆ ఊరి మంత్రసాని. సర్కారు వేసిన మనిషి కాబట్టి పేరు ముందు ‘దొన్న’ చేర్చి మర్యాదగా పిలిచేవారు. ఆ మర్యాద ఆమెకు ఊరికే రాలేదు.

ఆమె పుట్టింది ఉత్తరాన, పో నది ఒడ్డున, కనుచూపు మేర చదునుగా పరుచుకున్న వరిపొలాల మధ్య. మంత్రసాని చదువు పూర్తికాగానే ఈ దక్షిణపు కొండల్లో ఉద్యోగం వేశారు. రైలు దిగి బస్సెక్కితే, ఆ బస్సు కొండ చుట్టూ తిరిగి తిరిగి కడుపులో ఉన్నదంతా కక్కించి, చెట్టూ చేమా లేని ఒక రాతి ఊళ్ళో దింపింది. డ్రైవరు ఆమె ఎత్తు మడమల జోళ్ళకేసి చూసి, ‘‘అమ్మాయీ, వీటితో లోయలోకి దిగావంటే మళ్ళీ పైకి రావు,’’ అన్నాడు.

అప్పట్లో సగం ఊరు లోయలోనే ఉండేది. కొండ చరియను పైనుంచి కిందిదాకా తొలిచి చేసుకున్న గుహలు. కింది గుహ పైకప్పే పై గుహకు వీధి. ఒక్కో గుహలో ఒక్కో సంసారం. వెనక చీకట్లో కంచరగాడిద, మంచం కింద కోళ్ళు, మంచం పైన తాడుకు వేలాడే పిల్లల తొట్టి. వచ్చిన వారంలోనే ఆమెకు అక్కడినుంచి పిలుపొచ్చింది. వెళ్తే, ఆ ఇంటి అత్తగారు రెండు చేతులూ చాపి గుమ్మంలో నిలబడింది.

‘‘ఈ రేడియో పిల్ల మా కోడల్ని ముట్టుకోడానికి వీల్లేదు. ఇది మాట్లాడేది నాకే అర్థం కాదు, కడుపులో బిడ్డకేం అర్థమవుతుంది?’’

ఉత్తరాది యాసలో మాట్లాడే మనుషుల్ని ఆ ముసలమ్మ రేడియోలో తప్ప వినలేదు మరి. లోపల కోడలు కేక పెట్టింది. ఎర్మెలిందా ముసలమ్మ చంక కిందనుంచి దూరి లోపలికి పోయింది. నూనె దీపం, పొయ్యి పొగ, వెనకనుంచి కంచరగాడిద వదిలే వెచ్చని ఊపిరి. బిడ్డ బయటపడి కేరుమన్నాక అత్తగారు మూకుడులో రెండు గుడ్లు కొట్టి, రొట్టె మీద వేసి తెచ్చి ఆమె చేతికిచ్చింది.

‘‘తిను. ముందు నీ ఒంటికి కాస్త కండ పట్టించు, ఆనక ఊరికి పురుళ్ళు పోద్దువుగాని.’’

ఆ తరువాత ఏ గుహ తలుపూ ఆమెకు మూసి లేదు. మడమల జోళ్ళు పోయి మేకుల చెప్పులు వచ్చాయి. వాళ్ళ యాస నాలుకకెక్కింది. ఉత్తరాన ఆమెకోసం ఎదురుచూస్తానన్న వడ్రంగి కుర్రాడు కొంతకాలం చూసి వేరే పిల్లను చేసుకున్నాడు. ఆ కబురందిన రోజు ఆమె కవలల కాన్పులో ఉంది, ఏడవడానికి తీరిక దొరకలేదు. తీరిక దొరికేసరికి ఏడుపు రాలేదు. అలా ఉండిపోయింది.

కొన్నేళ్ళకి సర్కారు వాళ్ళు కొండ పైన వరసగా ఇళ్ళు కట్టి, గుహల్లో ఉన్నవాళ్ళందరినీ అక్కడికి తోలారు. పాత గుమ్మాలకి ఇటుకలు పేర్చేశారు. కుళాయి, కిటికీ, బాత్రూమూ వచ్చాక జనం వెనక్కి చూడడం మానేశారు. చూడడం కాదు, లోయ పేరెత్తడమే మానేశారు. పట్నం బళ్ళో తమ పిల్లల్ని ‘గుహ ఎలుకలు’ అని ఏడిపిస్తుంటే ఎవరికి మాత్రం చెప్పుకోవాలనిపిస్తుంది? ఇంకొన్నేళ్ళకి పట్నంలో పెద్దాసుపత్రి లేచింది. నొప్పులొస్తే కారెక్కించుకుని అటే తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఎర్మెలిందా సంచీ గోడకి ఎక్కింది.

ఇదంతా అయ్యాక, ఆమె ముసలిదయ్యాక, ఫాదరు దొన్ ఎజీదియో ఈ ఊరి గుడికి వచ్చాడు. వచ్చిన మొదటి ఏడాదే లోయ గుహల ఇటుకలు తీయించి, అక్కడ క్రిస్మసుకి వేషాలతో బేత్లెహేము అంగడి పెడదామన్నాడు. జనం మొదట ఎగతాళి చేశారు. తరువాత ఇంటికొకరు చొప్పున వేషం కట్టారు. కమ్మరి కమ్మరిగానే దిగాడు. పాలవాడు గొల్లవాడయ్యాడు. తపాలా ఆఫీసు గుమాస్తా రోమా సిపాయి అయ్యాడు. ఏటేటా పండగ మర్నాడూ, జ్ఞానుల పండగనాడూ సాయంత్రాలు చుట్టుపక్కల ఊళ్ళనుంచి బస్సులకి బస్సులు జనం వచ్చి చూసి పోయేవారు.

ఎర్మెలిందా మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు.

‘‘నేను అసలువే చూశాను,’’ అనేది అడిగినవాళ్ళతో. ‘‘అదే చలిలో, అదే పొగలో, గాడిద పక్కనే. మీరు దుప్పట్లు కప్పుకుని ఆడే నాటకం చూడ్డానికి నా మోకాళ్ళు అరగదీసుకోనా?’’

ఒక ఏడు పండగ మర్నాడు, భోజనాలయ్యాక పక్కింటి రాకేలె తలుపు తోసుకుని లోపలికొచ్చింది. రాకేలె దర్జీ పని చేసే మనిషి. మొగుడు పోయిన నాటినుంచి ఎర్మెలిందాతో రోజూ ఒకసారైనా పోట్లాడకపోతే ఆమెకి పొద్దుపోదు. బేత్లెహేములో సగం మందికి బట్టలు కుట్టింది తనేనని ఊరంతా చాటుకుంటూ ఉంటుంది.

‘‘లే. కోటు వేసుకో.’’

‘‘మోకాళ్ళు నొప్పి.’’

‘‘నిన్ను నడవమన్నదెవరు? మా తమ్ముడి మూడు చక్రాల బండి బయట ఉంది. గడ్డి మోపులు దింపడానికి వెళ్తున్నాడు. వాటి మీద కూర్చోబెడతాను.’’

‘‘గడ్డి మోపుల మీదా! నన్నేమనుకున్నావు, మేకననా?’’

‘‘మేకైతే ఈపాటికి ఎక్కి కూర్చునేది. చూడు ఎర్మెలిందా, నువ్వు ఇది చూడకుండా చచ్చిపోయావనుకో, నీ శవం వెనక నేను రాను. కావాలంటే పైనున్న దేవుడితో చెప్పుకో.’’

ఎర్మెలిందాకి నవ్వొచ్చింది. నవ్వొస్తే ఆమె మొండితనం సగం జారిపోతుంది. ఆ సంగతి రాకేలెకి బాగా తెలుసు. మిగతా సగాన్ని కోటు తొడిగి, చెయ్యి పట్టి లాక్కుపోయింది.

బండి లోయ అంచుకి చేరేసరికి పొద్దు కుంకి ఆకాశం ద్రాక్ష రంగులోకి తిరుగుతోంది. రాకేలె తమ్ముడు అక్కడ బండి ఆపి గడ్డి సర్దుతున్నాడు. ఎర్మెలిందా మోపుల మీదనుంచే కిందికి చూసింది. చూసి, చేత్తో నోరు మూసుకుంది.

ఇన్నేళ్ళుగా ఆ లోయ అంటే ఆమెకి ఇటుకలు పేర్చిన గుడ్డి కళ్ళ వరస. ఇప్పుడు ప్రతి గుహా కన్ను తెరిచింది. పైనుంచి అడుగుదాకా, ఆ కొసనుంచి ఈ కొసదాకా, ప్రతి గుమ్మంలో దీపం. మెట్ల దారులన్నీ దివిటీలు. వెలుతుర్లో మనుషులు అటూ ఇటూ కదులుతుంటే కొండే ఊపిరి తీసుకుంటున్నట్టుంది. కింద దాగలి మీద సుత్తి దెబ్బలు, గొర్రెల మెడల్లో గంటలు, ఎవడో తోలుతిత్తి వాయిద్యం ఊదుతున్న చప్పుడు. అన్నిటికన్నా ముందు వాసన తగిలింది. ఓక్ కట్టెల పొగ, కాలుతున్న రొట్టె, తడి ఉన్ని, గాడిద పేడ. ఆ నాలుగూ కలిసిన గాలిని ఆమె ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు పీల్చింది. మళ్ళీ ఎక్కడా పీల్చలేదు.

‘‘ఏం, మాట పడిపోయిందా?’’ అంది రాకేలె.

‘‘నోరు ముయ్యవే. చూడనీ.’’

బేత్లెహేములోకి ఊరికే పోనివ్వరు. మెట్ల మొదట్లో బల్ల వేసుకుని, రోమా చక్రవర్తి కైసరుకి జనాభా లెక్క రాసే గుమాస్తా కూర్చుంటాడు. వచ్చినవాళ్ళ పేరు, ఊరు రాసుకుని లోపలికి వదులుతాడు. ఆ గుమాస్తా మందుల షాపు కానియో. పొట్ట మీద తెల్లని దుప్పటి చుట్టుకుని, చెవిలో ఈక పెట్టుకుని, కళ్ళజోడు తియ్యడం మరిచిపోయి కూర్చున్నాడు. ఎర్మెలిందాని చూడగానే లేచి నిలబడబోయి, వేషం గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

‘‘పేరు?’’ అన్నాడు గొంతు పెద్దది చేసి.

‘‘నా పేరు నీకు తెలీదురా కానియో? అడ్డం తిరిగిన నిన్ను కాళ్ళు పట్టుకుని బయటికి లాగిందెవర్రా?’’

వెనక వరసలో జనం గొల్లుమన్నారు. కానియో చెవులు ఎర్రబడ్డాయి. అయినా కైసరు పరువు నిలబెట్టాడు.

‘‘కైసరు ఆజ్ఞ అమ్మా. అడిగినదానికి జవాబు చెప్పాలి. పిల్లలెంతమంది?’’

ఎర్మెలిందా ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. ‘‘లేరు,’’ అంది.

కానియో ఈకను సిరాబుడ్డిలో ముంచబోయి ఆగిపోయాడు. తల పైకెత్తి ఆమెను చూశాడు. ఉన్నట్టుండి బల్ల మీద గుద్ది, ‘‘సిపాయిలూ! ఈవిడ కైసరుతో అబద్ధమాడుతోంది!’’ అని అరిచాడు. ‘‘పిల్లలు లేరట! నన్ను రాస్తున్నాను, ముందు నన్ను రాస్తున్నాను!’’

‘‘నన్నూ రాయి!’’ అన్నాడు బరిసె పట్టుకున్న తపాలా గుమాస్తా.

‘‘నన్నూ, మా అక్కనీ!’’ అంది మెట్ల మీద కుండలు అమ్ముతున్నావిడ.

పై వీధిలోంచి ఒకరు, కింది వీధిలోంచి ఒకరు. సంగతేమిటో సరిగ్గా వినబడని వాళ్ళు కూడా ఎర్మెలిందా వచ్చిందని విని కేకేశారు. ‘‘ఇక్కడొకణ్ణి!’’ ‘‘మా ముగ్గుర్నీ వెయ్యి!’’ కొలిమి దగ్గరినుంచి కమ్మరి సుత్తితో దాగలి మీద టంగుమని కొట్టి, ‘‘నన్ను మరిచిపోయేరు!’’ అన్నాడు. ఆ అరుపులు ఎదుటి కొండకి తగిలి మళ్ళీ తిరిగొచ్చాయి. పరాయి ఊళ్ళవాళ్ళు ఇదీ నాటకంలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు.

ఎర్మెలిందా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. చివరికి, ‘‘చాల్లేరా, కాగితం చాలదు,’’ అంది.

అంగడి వీధిలోకి దిగారు. రాకేలె పక్కనే నడుస్తూ తను కుట్టిన అంగీలు చూపిస్తోందిగానీ ఎర్మెలిందా కళ్ళు బట్టల మీద లేవు. సెనగలు కొలిచి పోస్తున్న చేతులు, కుమ్మరి సారె మీద బంకమట్టిలో మునిగిన చేతులు, ఉన్ని రంగు తొట్టిలో మోచేతులదాకా నీలం ఎక్కిన చేతులు. ఆ చేతులన్నీ మొదట్లో ముడుచుకుని, మైనంలా ముద్దగా, తన వేలొకటి గట్టిగా పట్టుకుని ఉండేవి. రొట్టెల పొయ్యి దగ్గర జెరార్దో, నూనెలో వేయించి తేనెలో ముంచిన పిండిపూలు అమ్ముతున్న అతని చెల్లెలు, పావురాల పంజరాల వెనక కోమటి వేషంలో మూతి ముడుచుకున్న బళ్ళో పంతులు. ఒకడు పుట్టగానే నీలంగా ఉంటే నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. ఒకత్తె తొందరపడి మెట్ల మీదే పుట్టేసింది. ఇప్పుడు వీళ్ళు గడ్డాలతో, కీళ్ళనొప్పులతో, మనవలతో బేత్లెహేములో బేరాలు ఆడుతున్నారు.

ఒక గుమ్మం దగ్గర మగ్గం ముందు ఒక పడుచు కూర్చుని ఉంది. ఈ పిల్ల ఆసుపత్రిలో పుట్టిన పిల్ల, ఎర్మెలిందా చేతుల మీదుగా రాలేదు. అయినా ఆ మెడ వంచడం, నూలు తెగినప్పుడు పళ్ళతో పట్టడం చూసి ఎర్మెలిందా నిలబడిపోయింది. ఇదే గుమ్మంలో, ఇదే రాయి మీద ఈ పిల్ల ముత్తవ్వ ఇలాగే కూర్చుని నేసేది.

‘‘నీకు ఇలా కూర్చోమని ఎవరు చెప్పారే?’’ అని అడిగింది.

‘‘ఎవరూ చెప్పలేదు దొన్నా. ఇక్కడైతేనే వెలుతురు పడుతోంది,’’ అంది పిల్ల.

ఎర్మెలిందా చుట్టూ చూసింది. దీపపు బుడ్లు, మట్టి కుండలు, ఉన్ని కట్టలు, గుమ్మాల్లో చలి కాగుతున్న ముసలాళ్ళు. తను మొదటిసారి ఈ మెట్లు దిగినప్పుడు చూసింది అచ్చం ఇదే. అప్పుడు ముక్కు మూసుకుంది. ఇంత పేదరికమా అని రాత్రి గదిలో దుఃఖపడింది. ఆనాడు దీన్ని చూసి బేత్లెహేమని ఎవరూ అనలేదు. ఆమెకీ తట్టలేదు. ఇన్నేళ్ళూ తను సంచీ పట్టుకుని పరుగెత్తింది ఈ వీధుల్లోనేనా? ఒళ్ళు ఝల్లుమంది. చలి వల్ల అనుకుని రాకేలె తన శాలువా తీసి ఆమె భుజాల మీద వేసింది.

వీధి కొసన ఊట దగ్గర దివిటీలు లేవు. ఒక్క గుహలోంచి మాత్రం మెత్తటి పసుపు వెలుతురు బయటికి పరుచుకుంది. జనం అక్కడికి రాగానే తమంతట తాము గొంతు తగ్గించుకుంటున్నారు. పశువుల తొట్టి అక్కడ ఉందన్నమాట.

ఎర్మెలిందా ఆగిపోయింది.

‘‘నేను రాను. ఆ గుహలోకి రాను.’’

ఈసారి రాకేలె పోట్లాడలేదు. ఆమెకీ తెలుసు. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు.

ఆ గుహలో సెరఫీనా అనే పిల్ల కాపురం ఉండేది. లోయలో చివరి చలికాలం అది. మంచు మోకాలి లోతు పడిన రోజు ఉదయం ఆమె నీళ్ళాడింది. ఆడపిల్ల. బిడ్డ చక్కగా పుట్టింది, ఏడ్చింది, తల్లి గుండెల మీద పడుకుంది. ఆ తరువాత రక్తం మొదలైంది. ఆగలేదు. ఎర్మెలిందా రెండు పిడికిళ్ళతో పొత్తికడుపు అదిమిపట్టి కూర్చుంది. డాక్టరు కోసం మనిషిని పంపారు. మంచులో దారి మూసుకుపోయి డాక్టరు రాలేకపోయాడు. మధ్యాహ్నం కాకముందే సెరఫీనా చల్లబడింది. ఎవరూ ఎర్మెలిందాని ఒక్క మాట అనలేదు. అనడానికి ఏమీ లేదు కూడా. సెరఫీనా మొగుడు ఆమె చేతులు రెండూ కళ్ళకద్దుకున్నాడు. అదే ఆమె తట్టుకోలేకపోయింది.

ఆ బిడ్డ పేరు వితీనా. నాయనమ్మ పెంచింది. పెరిగి, పెళ్ళాడి, ఊళ్ళోనే పిల్లల బడిలో వంట చేస్తోంది. చిన్న ఊరు, రోజూ ఎదురుపడాల్సిందే. కానీ ఎర్మెలిందా ఆమెను చూస్తే వీధి దాటి అటువైపుకి పోయేది. గుళ్ళో వితీనా ముందు వరసలో ఉంటే తను వెనక స్తంభం చాటున నిలబడేది.

ఆ వితీనాయే ఇప్పుడు గుహలోంచి బయటికొచ్చింది. వేషం లేదు. మామూలు స్వెట్టరు, నడుముకి గుడ్డ, చేతిలో చీపురు. ఎర్మెలిందాని చూసి చీపురు గోడకి ఆనించింది.

‘‘వచ్చారా,’’ అంది. అంతే.

‘‘రాకేలె లాక్కొచ్చింది. వెళ్ళిపోతున్నాను తల్లీ.’’

‘‘వెళ్ళకండి. ఇక్కడ పెట్టమని ఫాదరుగారికి చెప్పింది నేనే. తొట్టి ఎక్కడ పెడదామని ఊరంతా తర్జనభర్జన పడుతుంటే, మా అమ్మ దగ్గర పెట్టండి అన్నాను. ఆ గుహలో చివరికి జరిగింది చావే అనుకుంటూ ఎన్నాళ్ళుంటాం? అప్పటినుంచీ ఏటా నేనే ఊడ్చి గడ్డి పరుస్తున్నాను. ఏటా మీరొస్తారేమోనని చూస్తున్నాను.’’

‘‘నన్నెందుకమ్మా చూడ్డం?’’

‘‘మా అమ్మని చూసింది మీరు కదా.’’

ఎర్మెలిందాకి వెంటనే బోధపడలేదు. వితీనా చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నేలకేసి చూసి మాట్లాడింది.

‘‘ఒక్క ఫొటో లేదు దొన్నా. మా నాన్న అమ్మ మాటెత్తితే లేచి బయటికి పోయేవాడు. నాయనమ్మ ఏడ్చేది. ఇద్దరూ పోయారు. ఆ రోజు లోపలున్న ఆడవాళ్ళూ పోయారు. ఆ రోజు ఆవిడ నన్ను చూసిందా లేదా, అదైనా చెప్పేవాళ్ళు లేరు నాకు. మీరేమో నన్ను చూస్తే రోడ్డు దాటిపోతారు.’’

ఎర్మెలిందా మొదటిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. తను ఈ పిల్లకి ఎదురుపడకుండా ఇన్నేళ్ళూ దాచుకున్నది దుఃఖమే అనుకుంది. అందులో ఈ పిల్లకి చెందాల్సింది కూడా ఉందని ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

‘‘చూసింది,’’ అంది. ‘‘చూడ్డమేమిటి, కళ్ళు తిప్పలేదు. నిన్ను గుండెల మీద పెడితే ‘అమ్మో, పొయ్యిలోంచి తీసిన రొట్టెలా ఉంది, ఎంత వేడో’ అంది. నవ్వింది. పంటి మీద పన్ను ఉండేది మీ అమ్మకి, నవ్వితే భలే ఉండేది. నీ జుట్టు వెనక్కి తోసి చెవి చూసింది. ‘ఇది మా నాన్న చెవి, దొంగపిల్ల ఎత్తుకొచ్చేసింది’ అంది. ఆ మాటంటే పక్కనున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను.’’

వితీనా చెయ్యి తనంతట తానే చెవి మీదికి పోయింది. అలా చెవి పట్టుకుని నిలబడి ఆ ముసలామెను చూస్తూ ఉండిపోయింది. యాభై దాటిన మనిషి. ఆ క్షణంలో అప్పుడే నిద్రలేచిన పసిపిల్లలా కనిపించింది.

తరువాత ఆమె ఎర్మెలిందా మోచెయ్యి పట్టుకుని, ‘‘లోపలికి రండి, మీకొకటి చూపించాలి,’’ అంది.

లోపల గడ్డి మీద ఆ ఏడు మరియమ్మగా కూర్చున్న పడుచు తల్లి, యోసేపు వేషంలో ఆమె మొగుడు, తొట్టిలో ఉన్నిలో చుట్టిన వాళ్ళ పసివాడు. వెనక నిజం గాడిద. ఎర్మెలిందా వాళ్ళను చూసి శిలువ గుర్తు వేసుకుంది. వితీనా దీపం తీసుకుని పక్క గోడ దగ్గరికి నడిచింది.

ఆ గోడ ఎర్మెలిందాకి తెలుసు. అప్పట్లో అది తరాల పొయ్యి పొగ పట్టి తారులా ఉండేది. ఆ రోజు సెరఫీనా కడుపు అదిమిపట్టి కూర్చున్నప్పుడు తన వీపు ఆనింది ఆ గోడకే.

‘‘కాపురాలు రాకముందు ఎప్పుడో ఇది గుడట,’’ అంది వితీనా. ‘‘పట్నంనుంచి మనుషులొచ్చి దూదితో మసి తుడిచారు. ఏవో బొమ్మలు బయటపడ్డాయని మీరూ వినే ఉంటారు.’’

దీపం పైకెత్తింది.

మసి కిందనుంచి ఎర్రమట్టి రంగు, పసుపు, ఆకుపచ్చ. గుహలో పరుపు మీద పడుకున్న మరియమ్మ, బడలిన ముఖం, నిజంగా ఇప్పుడే కాన్పైన మనిషి ముఖం. పైన ఎద్దూ గాడిదా. కింద, సరిగ్గా మనిషి కూర్చుంటే వీపు తగిలేంత ఎత్తులో, ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె కూజాతో గిన్నెలోకి నీళ్ళు పోస్తోంది. రెండో ఆమె అంగీ చేతులు మోచేతులపైకి మడుచుకుని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, కుడిచెయ్యి నీళ్ళలో ముంచి వేడి ఎంతుందో చూస్తోంది. చుట్టూ గొల్లవాళ్ళందరూ ఆకాశంలోకి చూస్తున్నారు. ఆమె ఒక్కతే నీళ్ళలోకి చూస్తోంది.

‘‘వీళ్ళెవరు?’’ అంది ఎర్మెలిందా.

‘‘మంత్రసానులు. పాతకాలం వాళ్ళు తప్పకుండా వేసేవారట, ఫాదరుగారు చెప్పారు. ఎన్ని వందల ఏళ్ళదో. ఆ పొగంతా పట్టినా ఏమీ కాలేదు.’’

ఎర్మెలిందా గోడను ముట్టుకోలేదు. ఊపిరి తగిలితే చెరిగిపోతుందేమోనన్నట్టు కొంచెం వెనక్కి జరిగి చూసింది. ఆ రోజు ఈ గుహలో ఆడవాళ్ళు ఎందరున్నా, మంత్రసానిగా తనొక్కతే ఉన్నాననుకుంది. ఎవరూ రాలేదనుకుంది. తన వీపు వెనకే వీళ్ళిద్దరూ నీళ్ళు కాచుకుని, అంగీ చేతులు పైకి మడుచుకుని కూర్చుని ఉన్నారు. కన్నీళ్ళు కారుతున్నాయని కూడా ఆమెకి తెలియలేదు.

గోడ పక్కన, బొమ్మలో ఉన్నట్టే ఒక మట్టి గిన్నె, కూజా, చిన్న పీట పెట్టి ఉన్నాయి. ఆ పీట మీద కూర్చునేవాళ్ళు ఆ ఏడు ఎవరూ దొరకలేదట. ఎర్మెలిందాకి నిలబడే ఓపిక లేక దాని మీద కూలబడింది. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు. జనం వరసగా లోపలికొస్తున్నారు, మోకరిస్తున్నారు, వెళ్తున్నారు. బూడిదరంగు కోటులో, శాలువాతో, గిన్నె ముందు కూర్చున్న ముసలావిడను చూసి ఇదీ వేషమే అనుకుంటున్నారు. తొట్టిలో పసివాడు కదిలితే అందరికన్నా ముందు ఆమె తల అటు తిరుగుతోంది.

పరాయి ఊరినుంచి తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చిన ఒక చిన్నపిల్ల ఆమె దగ్గర నిలబడి అడిగింది.

‘‘అవ్వా, నీది బేత్లెహేమేనా?’’

‘‘కాదు తల్లీ. పని మీద వచ్చాను.’’

‘‘ఏం పని?’’

ఎర్మెలిందా తొట్టికేసి చూపించింది. పిల్ల నమ్మినట్టు తలూపి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఆమె కోటు చేతులు పైకి తోసుకుని గిన్నెలో వేలు పెట్టి చూసింది. ముఖం చిట్లించింది.

‘‘వితీనా!’’

‘‘ఏం దొన్నా?’’

‘‘ఇవి మంచులా ఉన్నాయి. ఆ జెరార్దో పొయ్యి దగ్గర కాగుతుంటాయి, కాసిని వేణ్ణీళ్ళు పట్టుకురా.’’

‘‘ఊరికే చూపించడానికే కదండీ, బిడ్డకి పొయ్యం కదా!’’

‘‘పొయ్యకపోతే మాత్రం? పసివాడి ముందు చన్నీళ్ళు పెడతావుటే?’’

వితీనా నవ్వింది. పంటి మీద పన్ను కనిపించింది. కూజా తీసుకుని, జనాన్ని తప్పించుకుంటూ, రొట్టెల పొయ్యి వైపు వెళ్ళింది.